ఏలికపాములకూ తిండి అలర్జీకీ ముడి ఎక్కడుంది?

రక్తపరీక్ష రిపోర్టు చేతికొస్తుంది. టోటల్ ఐజీఈ 1,800 అని ఉంటుంది. పెద్దవాళ్లకు మామూలుగా 100 లోపు ఉండాల్సిన అంకె అది. కింద తిండిపదార్థాల జాబితాలో పల్లీలు, రొయ్యలు, గోధుమ, శనగపప్పు ఎదురుగా "పాజిటివ్". ఆ మనిషి చిన్నప్పటి నుంచీ ఇడ్లీలోకి పల్లీ చట్నీ తింటూనే ఉన్నాడు, ఒక్కనాడూ దద్దురు లేవలేదు. అయినా ఆ కాగితం చూసిన మర్నాటి నుంచి ఇంట్లో పల్లీలు బంద్, రొయ్యలు బంద్, ముందుజాగ్రత్తగా పిల్లలకూ బంద్.

ఈ పొరపాటు వెనక చాలా పాత బంధుత్వం ఒకటి ఉంది. అలర్జీ కలిగించే ఐజీఈ అనే ప్రతిరక్షకం (యాంటీబాడీ) మన ఒంట్లో అన్నిటికన్నా ఎక్కువగా ఎదురు నిలిచేది పరాన్నజీవులకే. అందుకే వీటి గురించి రెండు మాటలు వినిపిస్తుంటాయి. కడుపులో పురుగులుంటే ఒళ్లంతా అలర్జీలే అంటారు కొందరు. పురుగులు లేకుండా పోయాకే ఈ కాలం పిల్లలకు ఇన్ని అలర్జీలు వచ్చాయంటారు ఇంకొందరు. రెండిటికీ ఆధారాలున్నాయి. పరాన్నజీవులన్నీ ఒక్కటి కావు కాబట్టే ఇది సాధ్యం. ఏ జీవి, ఏ దారిన ఒంట్లోకి వచ్చింది, ఎంతకాలం ఉంది అన్నదాన్ని బట్టి అదే ఐజీఈ ఒకచోట నిద్రపోతుంది, ఇంకోచోట ప్రాణం మీదికి తెస్తుంది.

"పడదు" అనే ఒక్క మాటలో మూడు జబ్బులు

ముందు ఒక చిక్కు విడదీసుకోవాలి. పాలు తాగితే కడుపుబ్బరం, విరేచనం వచ్చినా "పాలు పడవు" అంటాం. చేప తిన్నాక ముఖం ఎర్రబడి తలనొప్పి వచ్చినా "చేప పడదు" అంటాం. మొదటిది చాలాసార్లు లాక్టేజ్ అనే ఎంజైము తక్కువై పాలచక్కెర అరగకపోవడం. రెండోది ఐసులో సరిగ్గా ఉంచని చేపలో బాక్టీరియా తయారుచేసిన హిస్టమిన్ వల్ల కావచ్చు. అది ఆ చేప లోపమే గాని తిన్నవాడి ఒంటి లోపం కాదు. ఈ వ్యాసంలో అలర్జీ అన్నప్పుడల్లా ఐజీఈ నడిపించే అసలు అలర్జీ గురించే: తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు దద్దుర్లు, పెదవులు కళ్లు వాయడం, వాంతులు, ఆయాసం, ముదిరితే రక్తపోటు పడిపోవడం.

ఐజీఈ అసలు పని

ఐజీఈని 1966, 67 సంవత్సరాల్లో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిచ్ విడివిడిగా గుర్తించారు. 1968లో దానికి ఆ పేరు పెట్టారు. రక్తంలో ఇది ఉండేది చాలా కొద్దిగా. ఎక్కువ భాగం చర్మంలో, పేగుగోడలో, ఊపిరితిత్తుల్లో కాపలా ఉండే మాస్ట్ కణాల మీద అతుక్కుని ఉంటుంది. దానికి సరిపోయే ప్రొటీన్ వచ్చి పక్కపక్కనున్న రెండు ఐజీఈలను కలిపి పట్టుకుందంటే చాలు, మాస్ట్ కణం పగిలినట్టుగా హిస్టమిన్‌నూ మరికొన్ని రసాయనాలనూ బయటికి కుమ్మరిస్తుంది.

ఇంత హడావుడి ఎందుకంటే, పురుగును తెల్లరక్తకణం మింగలేదు. ఆడ ఏలికపాము 20 నుంచి 35 సెంటీమీటర్ల పొడవుంటుంది. దాన్ని చంపడం కుదరదు గనుక ఒళ్లు ఇంకో ఉపాయం పట్టింది: జిగురు ఊరించడం, నీళ్లు పారించడం, పేగును బలంగా ముడుచుకునేలా చేయడం, అంటే కడిగి ఊడ్చెయ్యడం. తిండి అలర్జీలో కనిపించే వాంతి, విరేచనం, దురద అన్నీ ఇవే. రొయ్యముక్కను ఒళ్లు పురుగనుకుని గెంటేస్తోందన్నమాట.

మరి ఏలికపాములు నిండిన పిల్లవాడికి ఐజీఈ వేలల్లో ఉన్నా, ఆ పురుగు ప్రొటీన్లు రాత్రింబగళ్లు పేగులో తిరుగుతున్నా, వాడెందుకు కుప్పకూలడు? ఏడాది, రెండేళ్లు బతికే ఏలికపాము గాని, అంతకన్నా ఎక్కువ ఏళ్లుండే కొంకిపురుగు గాని ఇంటివాడిని చంపుకుని బాగుపడదు. అవి రోగనిరోధక వ్యవస్థలోని అదుపు కణాలను పెంచుతాయి. ఐఎల్-10 వంటి శాంతపరిచే సంకేతాలు ఊరతాయి. ఐజీజీ4 అనే మరో ప్రతిరక్షకం పెరిగి, ఐజీఈ కన్నా ముందే ఆ ప్రొటీన్లను పట్టేసుకుంటుంది. ఈ ఒప్పందం తెగితే ఏమవుతుందో హైడాటిడ్ తిత్తిలో, అంటే కుక్కల బద్దెపురుగు పిల్లదశ మన ఒంట్లో కట్టుకునే నీటితిత్తిలో చూడొచ్చు. కాలేయంలో ఏళ్ల తరబడి నోరెత్తకుండా పెరిగిన ఆ తిత్తి దెబ్బ తగిలి గాని, ఆపరేషన్‌లో గాని చిట్లి, లోపలి నీరు ఒక్కసారిగా ఒంట్లో కలిస్తే నిమిషాల్లో అనాఫిలాక్సిస్ (ఒళ్లంతటినీ ఒక్కసారిగా కుదిపి ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ) రావచ్చు. జీవీ అదే, ఐజీఈ కూడా అదే. మారిందల్లా ఎదురుపడిన తీరు.

పురుగులు కాపు కాసే సందర్భం

1989లో బ్రిటిష్ పరిశోధకుడు డేవిడ్ స్ట్రాకన్ 1958లో పుట్టిన 17 వేల పైచిలుకు బ్రిటిష్ పిల్లల వివరాలు పరిశీలించి, అన్నలు అక్కలు ఎక్కువగా ఉన్న ఇళ్లలో పిల్లలకు పుప్పొడి జలుబు తక్కువని చూపించారు. చిన్నతనంలో ఒకరినుంచి ఒకరికి అంటుకునే జబ్బులు అలర్జీని ఆపుతున్నాయేమో అన్నది ఆయన ఊహ. ఆ ఊహను పురుగుల దగ్గరికి తెచ్చింది ఆఫ్రికా. గబాన్‌లోని లంబరేనే దగ్గర బడిపిల్లల్లో, మూత్రంలో రక్తం పడే షిస్టోసోమా అనే పరాన్నజీవి ఉన్నవాళ్లకు దుమ్ముపురుగు (ఇంటి దుమ్ములో ఉండే సన్నజీవి, డస్ట్ మైట్) సారాన్ని చర్మంలో గుచ్చి చూసే చర్మపరీక్షలో దద్దురు లేవడం తక్కువని 2000లో తేలింది. ఐఎల్-10 ఎంత ఎక్కువుంటే చర్మం అంత శాంతంగా ఉంది. అదే ప్రాంతంలో పిల్లలకు పేగుపురుగుల మందు పదేపదే ఇస్తూ వెళ్తే దద్దురు లేచే పిల్లలు పెరిగారని 2004లో చూశారు. వెనెజులాలో నీల్ లించ్ బృందం 1993లోనే ఇలాంటిదే చెప్పింది: మురికివాడ పిల్లలకు 22 నెలలు పురుగుల మందు ఇస్తే టోటల్ ఐజీఈ తగ్గింది, చర్మపరీక్షలు మాత్రం పాజిటివ్ వైపు మళ్లాయి.

ఇంతవరకూ చదివి పురుగులే మేలనుకోకూడదు. ఈక్వడార్‌లో ఆల్బెండజోల్ అనే పురుగుల మందు ఏడాదిపాటు ఇచ్చి చూసిన పెద్ద అధ్యయనంలో, 2006లో, ఏ తేడా కనబడలేదు. అదే ఏడాది అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్క కడితే కొంకిపురుగులున్నవాళ్లలో ఉబ్బసం సగానికి తగ్గి కనిపించింది, ఏలికపాములున్నవాళ్లలో కొంత పెరిగి కనిపించింది. ఏలికపాము పిల్ల దశలో ఊపిరితిత్తుల గుండా ప్రయాణిస్తుందని గుర్తుంచుకుంటే ఇదేమంత వింత కాదు. ఉగాండాలోని ఎంటెబ్బెలో సుమారు 2,500 మంది గర్భిణులతో చేసిన అధ్యయనంలో, గర్భంలో ఉండగా తల్లి ఆల్బెండజోల్ తీసుకుంటే పుట్టిన బిడ్డకు ఎగ్జిమా (దురదతో చర్మం పగిలే జబ్బు) ముప్పు 1.8 రెట్లు పెరిగింది. ఎగ్జిమా ఉన్న పసివాళ్లకే తర్వాత తిండి అలర్జీ ఎక్కువగా వస్తుంది కాబట్టి ఈ అంకెను తేలిగ్గా తీసిపారెయ్యలేం.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. పైన చెప్పిన ఆధారాల్లో చాలావరకు దుమ్ముపురుగు, ఉబ్బసం, ఎగ్జిమాలకు చెందినవి, తిండికి చెందినవి కావు. తిండి విషయంలో సూటి ఆధారం ఎలుకల నుంచి వచ్చింది. 2002లో బోస్టన్‌లో కాథ్రిన్ నాగ్లర్ బృందం, పేగులో హెలిగ్మోసోమాయిడిస్ అనే పురుగున్న ఎలుకలకు పల్లీ అలర్జీ తెప్పించబోతే అది సరిగా రాలేదు. ఐఎల్-10ను అడ్డుకోగానే ఆ రక్షణ పోయింది. ఆ పురుగు ఊరించే పదార్థాలను తర్వాత స్కాట్లండ్ పరిశోధకులు విడదీశారు. ఒకటి మన ఒంటి సొంత శాంతి సంకేతం టీజీఎఫ్-బీటాను అనుకరిస్తుంది. ఇంకొకటి అలర్జీకి మొదటి గంట కొట్టే ఐఎల్-33ని కట్టిపడేస్తుంది. మందు వచ్చేదుంటే ఈ పదార్థాల నుంచే రావాలి. పురుగును మింగితే కాదు.

మింగి చూశారు కూడా. డెన్మార్క్‌లో 100 మంది పుప్పొడి అలర్జీ రోగుల్లో సగం మందికి పందుల కొరడాపురుగు గుడ్లు 2,500 చొప్పున మూడు వారాలకోసారి ఎనిమిది సార్లు తాగించారు. 2010లో వచ్చిన ఫలితం: జలుబు తగ్గలేదు, విరేచనాలు పెరిగాయి. పెద్దయ్యాక, అలర్జీ స్థిరపడ్డాక పురుగును తెచ్చిపెట్టడం వేరు. పుట్టుక నుంచీ దానితో పెరగడం వేరు. ఇంటర్నెట్‌లో పురుగు గుడ్లు అమ్మేవాళ్లు ఈ తేడా చెప్పరు.

పరాన్నజీవే తిండి అలర్జీ తెచ్చే సందర్భం: గోమారి కాటు

ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా స్పష్టమైన రుజువు పేగుపురుగుల నుంచి రాలేదు. చర్మం మీద రక్తం పీల్చే గోమారి నుంచి వచ్చింది. కొన్ని ఊళ్లలో పిడుదు అంటారు దీన్ని.

క్యాన్సర్‌కు వాడే సెటుక్సిమాబ్ అనే మందు తొలి డోసుకే అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో చాలామంది కుప్పకూలారు. టెన్నెసీ, నార్త్ కరోలినాల్లో ఇది 22 శాతం దాకా ఉంది. మిగతా రాష్ట్రాల్లో చాలా అరుదు. ఆ మందు ఎలుక కణాల్లో తయారవుతుంది కాబట్టి దాని మీద ఆల్ఫా-గాల్ అనే చక్కెర అణువు ఉంటుంది. ఆవు, మేక, గొర్రె, పంది ఒంట్లో ఇది ఉంటుంది. మనుషుల్లో, చింపాంజీ, గొరిల్లా లాంటి వాలిడుల్లో, ఆసియా ఆఫ్రికా కోతుల్లో ఉండదు. ఆ రోగుల రక్తంలో మందు ఎక్కించకముందే ఆల్ఫా-గాల్‌కు ఐజీఈ సిద్ధంగా ఉందని వర్జీనియా విశ్వవిద్యాలయంలో థామస్ ప్లాట్స్-మిల్స్ బృందం 2008లో చూపించింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే, ఆ రాష్ట్రాల్లో విపరీతంగా ఉండే లోన్ స్టార్ గోమారి దొరికింది. ఆస్ట్రేలియాలో షెరిల్ వాన్ న్యూనెన్ అక్కడి మరో జాతి గోమారి కాటుకూ మాంసం అలర్జీకీ ఉన్న లంకెను దాదాపు అదే కాలంలో బయటపెట్టారు. యూరప్‌లో ఇంకో జాతి ఇదే పని చేస్తోంది.

దీని గడియారం వేరు. మామూలు తిండి అలర్జీ నిమిషాల్లో వస్తుంది. ఇది మాంసం తిన్న 3 నుంచి 6 గంటలకు వస్తుంది. ఆల్ఫా-గాల్ కొవ్వుతో కలిసి ఉండి, కొవ్వు అరిగి రక్తంలోకి చేరేసరికి అంత సమయం పడుతుందన్నది ఇప్పటికి బలమైన వివరణ. అందుకే కొవ్వున్న ముక్కలు, కాలేయం, మూత్రపిండాలు, బోటీ వంటివి పలచటి మాంసం కన్నా ఎక్కువ ప్రమాదం. రాత్రి తొమ్మిదికి మటన్ బిర్యానీ తిని పడుకున్న మనిషి ఒంటిగంటకు అరచేతులు దురద పెట్టి లేస్తాడు. కడుపునొప్పి, దద్దుర్లు. ఆ బిర్యానీ మీద అనుమానమే రాదు. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2010 నుంచి 2022 వరకు 1,10,000 పైగా అనుమానిత కేసులు లెక్కపెట్టింది. అసలు సంఖ్య 4,50,000 దాకా ఉండొచ్చని అంచనా వేసింది.

ఈ విషయం డాలస్, షార్లట్, రాలీ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు సూటిగా పనికొస్తుంది. పెరట్లో గడ్డి కోసినా, పిల్లలతో అడవి దారుల్లో నడిచినా గోమారి అంటుకోవచ్చు. లేతదశలో అది గసగసాల గింజంతే ఉంటుంది. బూట్లకు, ప్యాంట్లకు 0.5 శాతం పెర్మెత్రిన్ చల్లి ఆరనివ్వాలి (ఒంటికి రాయకూడదు). ఇంటికి రాగానే గజ్జలు, చంకలు, మోకాలి వెనక, నడుం పట్టీ దగ్గర వెతకాలి. కరిచి ఉంటే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగాలి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం పనికిరాదు. అలర్జీ వచ్చాక కోడి, చేప, గుడ్లు తినొచ్చు, వాటిలో ఆల్ఫా-గాల్ లేదు. పాలు, నెయ్యి చాలామందికి పడతాయి, కొందరికి పడవు. క్యాప్సూళ్ల మీద ఉండే జెలటిన్ కూడా కొందరికి ఇబ్బంది చేస్తుంది కాబట్టి మందుల షాపులో చెప్పాలి. మళ్లీ కాటు పడకుండా చూసుకుంటే ఈ ఐజీఈ కొన్నేళ్లలో చాలామందిలో తగ్గుతుంది. ఇంకో కాటు పడితే మళ్లీ మొదటికొస్తుంది.

చేపలో ఉన్న పురుగు

స్పెయిన్‌లో, జపాన్‌లో "చేప పడదు" అని వచ్చినవాళ్లలో కొందరికి చేప పరీక్షలన్నీ నెగెటివ్ వచ్చేవి. అసలు దోషి చేప కండలో చుట్టుకుని ఉండే అనిసాకిస్ అనే 2, 3 సెంటీమీటర్ల పురుగు. దీని పెద్దదశ తిమింగలాల, డాల్ఫిన్ల కడుపులో గడుస్తుంది. లేతదశ రొయ్యలాంటి చిన్న జీవుల్లోంచి సముద్రపు చేపల్లోకి చేరుతుంది. మనిషి పచ్చి చేప తిన్నప్పుడు పొరపాటున లోపలికి వెళ్తుంది. అక్కడ బతకలేక జీర్ణాశయం గోడలోకి తల దూరుస్తుంది. విపరీతమైన కడుపునొప్పి, దానితోపాటు దద్దుర్లు లేదా అనాఫిలాక్సిస్. మాకరల్ చేప తిన్నాక వచ్చే దద్దుర్లకు అనిసాకిస్ కారణమని జపాన్ వైద్యులు 1990లో చెప్పారు. స్పెయిన్‌లో వెనిగర్‌లో ఊరవేసిన పచ్చి ఆంచోవీలు దీనికి పెద్ద మూలం. వెనిగర్, నిమ్మరసం, ఉప్పు ఈ పురుగును నమ్మకంగా చంపలేవు.

చంపేవి రెండే. ఒకటి వేడి: ముక్క నడిమధ్యకు 60 డిగ్రీలు తగిలి కనీసం ఒక నిమిషం ఉండాలి. రెండోది గడ్డకట్టించడం: పచ్చిగా వడ్డించే చేపను మైనస్ 20 డిగ్రీల దగ్గర కనీసం 24 గంటలు ఉంచాలని యూరప్ నియమం, 7 రోజులని అమెరికా సూచన. ఇంటి ఫ్రిజ్ పైఅరలో ఐసు కడుతుందే గాని సాధారణంగా మైనస్ 20 రాదు. కాబట్టి 24 గంటల లెక్క ఇంట్లో నమ్మకూడదు. చేప చచ్చాక పురుగు పేగుల్లోంచి కండలోకి పాకుతుంది కనుక పట్టగానే కడుపు చీల్చి శుభ్రం చేయడం కూడా మేలు. మన పులుసు ఉడికే తీరుకు ఈ పురుగు బతకదు. చెరువు చేపలైన రాగండి, బొచ్చెల్లో ఇది ఉండదు, ఇది సముద్రపు జీవి. సుషీ అలవాటైనవాళ్లు మాత్రం ఆ చేపను ముందే గడ్డకట్టించారో లేదో అడగాలి.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. అనిసాకిస్ ప్రొటీన్లలో కొన్ని వేడికీ జీర్ణరసాలకూ తట్టుకుంటాయి. అందువల్ల ఒకసారి అలర్జీ స్థిరపడ్డాక బాగా ఉడికిన చేపలోని చచ్చిన పురుగు కూడా కొద్దిమందిని ఇబ్బంది పెట్టవచ్చు. అయితే ఎక్కువమంది దాన్ని ఏ బాధా లేకుండా తట్టుకుంటారు. మొదటిసారి అలర్జీ రావడానికి మాత్రం బతికున్న పురుగు గోడను తొలవడమే ముఖ్యం.

గోమారి, అనిసాకిస్ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పోలిక కనబడుతుంది. ఆల్ఫా-గాల్ ఉన్న మాంసాన్ని జీవితమంతా నోటితో తిన్నా ఏమీ కాలేదు. అదే చక్కెర గోమారి లాలాజలంతో చర్మం గుండా వెళ్లగానే శత్రువైంది. పల్లీల విషయంలోనూ ఇదే. ఎగ్జిమాతో పగిలిన చర్మం గుండా పల్లీ పొడి తగిలిన పసివాళ్లకు అలర్జీ వస్తుందని, నోటితో ముందుగా తిన్నవాళ్లకు తగ్గుతుందని గిడియన్ లాక్ అంటూ వచ్చారు. 2015లో 640 మంది పసివాళ్లతో ఆయన బృందం చేసిన లీప్ అధ్యయనం నోటి దారి కాపాడుతుందని రుజువు చేసింది. పరాన్నజీవులన్నిటికీ ఇదే సూత్రం వర్తిస్తుందని అనలేం. కొంకిపురుగు కూడా చర్మం గుండానే వస్తుంది మరి. కాని గాయం చేసి లోపలికొచ్చిన ప్రొటీన్‌నూ, పేగులో నెమ్మదిగా పరిచయమైన ప్రొటీన్‌నూ ఒళ్లు ఒకేలా చూడదు.

కలుషిత నీటితో పేగులోకి చేరే ఏకకణ పరాన్నజీవి జియార్డియాది మధ్యస్థ పాత్ర. పేగు లోపలి పొరను దెబ్బతీసి తిండి ప్రొటీన్లు అరగకుండానే లోపలికి జారేలా చేస్తుంది. జియార్డియా ఉన్న పిల్లల్లో తిండికి ఐజీఈ ఎక్కువని వెనెజులాలో 1998లో చూశారు. కాని రోజువారీగా కనిపించేది వేరు. జియార్డియా వల్ల లాక్టేజ్ తాత్కాలికంగా పోయి, వారాల తరబడి పాలు అరగవు. నార్వేలోని బెర్గెన్‌లో 2004లో తాగునీటి ద్వారా జియార్డియా ప్రబలినప్పుడు, మూడేళ్ల తర్వాత కూడా ఆ జబ్బు పడ్డవాళ్లలో 46 శాతం మందికి పేగుల చికాకు జబ్బు (ఐబీఎస్) మిగిలింది. జబ్బు పడనివాళ్లలో అది 14 శాతమే. వీళ్లలో చాలామంది తమకు తిండి అలర్జీ వచ్చిందనుకుంటారు. అది అలర్జీ కాదు.

రూపం ఒకటే, జబ్బు లేదు

ఇప్పుడు మొదటి రిపోర్టుకు వద్దాం. రొయ్య కండలో ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. రొయ్య అలర్జీకి ముఖ్య కారణం అదే. బొద్దింకలో, దుమ్ముపురుగులో, అనిసాకిస్‌లో, ఏలికపాములో ఉన్న ట్రోపోమయోసిన్లు దానికి చాలా దగ్గరి చుట్టాలు. ఒకదానికి తయారైన ఐజీఈ ఇంకోదాన్ని కూడా పట్టుకుంటుంది. మతనియమం వల్ల జన్మలో రొయ్య ముట్టని యూదుల్లో దుమ్ముపురుగు అలర్జీ ఉన్నవాళ్ల రక్తంలో రొయ్యకు ఐజీఈ దొరికిందని 2003లో ఒక అధ్యయనం చూపింది. మన దగ్గర పుట్టు శాకాహారి రిపోర్టులో రొయ్యలు పాజిటివ్ వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. వాళ్ల ఇంట్లో బొద్దింకలుండి ఉంటాయి.

పల్లీలది ఇంకో దారి. మొక్కల ప్రొటీన్ల మీదా, పురుగుల ప్రొటీన్ల మీదా ఒకే రకం చక్కెర కొమ్మలుంటాయి. పురుగు వల్ల ఆ కొమ్మకు ఐజీఈ తయారైతే అది పరీక్ష గొట్టంలో పల్లీని, గోధుమను, శనగను కూడా పట్టుకుంటుంది. ఘానా బడిపిల్లల్లో 2013లో ఇదే బయటపడింది. షిస్టోసోమా ఉన్న పిల్లల రక్తంలో పల్లీ ఐజీఈ ఎక్కువ. చర్మపరీక్షలో మాత్రం దాదాపు ఎవరికీ దద్దురు లేవలేదు, పల్లీలు హాయిగా తింటున్నారు. ఆ ఐజీఈ మాస్ట్ కణాన్ని పేల్చగలిగేంత గట్టిగా పట్టుకోదు. జింబాబ్వేలో పరాన్నజీవులున్నవాళ్లకు పిల్లి అలర్జీ పరీక్ష తప్పుగా పాజిటివ్ రావడానికి ఆల్ఫా-గాల్ ఐజీఈ కారణమైంది.

భారతదేశపు లెక్క దీనికి అద్దం. బెంగళూరు, మైసూరుల్లో, తిండి అలర్జీల మీద యూరప్ నడిపిన యూరోప్రివాల్ అధ్యయనంలో పెద్దవాళ్లలో 26.5 శాతం మందికి ఏదో ఒక తిండికి ఐజీఈ ఉంది. అలర్జీ ఉండొచ్చని తేలింది 1.2 శాతానికి మాత్రమే. పిల్లల్లో అది 0.14 శాతం. అంటే పాజిటివ్ రిపోర్టు పట్టుకున్న ఇరవై మందిలో ఒక్కరికి అలర్జీ ఉంటే గొప్ప. ఇదంతా పురుగుల వల్లే అనలేం, బొద్దింకలూ దుమ్ముపురుగులూ పుప్పొడీ కూడా ఉన్నాయి. కాని ఇన్ని రకాలుగా దారి తప్పించే పరీక్షను లక్షణాలేవీ లేనివాళ్లకు ప్యాకేజీలో కలిపి అమ్మడం తప్పు. దానివల్ల ఎదిగే పిల్లల కంచంలోంచి పప్పులు, గుడ్లు, పాలు పోతున్నాయి.

చేయాల్సింది ఏ వరసలో

పరీక్ష కన్నా ముందు డైరీ రాయాలి. ఏం తిన్నారు, ఎంత, ఎన్ని నిమిషాలకు ఏం జరిగింది, అదే తిండి మళ్లీ తింటే మళ్లీ జరిగిందా, ఆ రోజు నొప్పిమాత్ర వేసుకున్నారా, తిన్నాక పరుగెత్తారా. తిన్న ప్రతిసారీ ఏమీ కాకుండా ఉంటే, రిపోర్టు ఏం చెప్పినా ఆ తిండికి అలర్జీ లేదు, మానక్కర్లేదు.

ఇసినోఫిల్స్ (పురుగులున్నా, అలర్జీ ఉన్నా పెరిగే ఒక రకం తెల్లరక్తకణాలు) గాని టోటల్ ఐజీఈ గాని బాగా పెరిగి ఉంటే తిండి జాబితా జోలికి పోకముందే పురుగుల సంగతి చూడాలి. వేర్వేరు రోజుల్లో మూడు మలపరీక్షలు చేయించాలి, ఎందుకంటే జియార్డియా రోజూ బయటపడదు. ఏలికపాము ఒంట్లో చేరిన మొదటి రెండు నెలల్లో గుడ్లే పెట్టదు. ఇసినోఫిల్స్ ఆకాశానికి అంటేది సరిగ్గా అప్పుడే. కాబట్టి ఒక్క నెగెటివ్ రిపోర్టుతో పురుగులు లేవని తేల్చకూడదు.

ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నపురుగు ఒంట్లోనే తిరిగి తిరిగి పుడుతూ దశాబ్దాలుండగలదు. దద్దుర్లు, దురద, ఇసినోఫిల్స్ చూసి అలర్జీ అనుకుని స్టెరాయిడ్లు మొదలుపెడితే అది అదుపు తప్పి ఒళ్లంతా పాకి ప్రాణం తీయవచ్చు. మట్టిలో చెప్పుల్లేకుండా పనిచేసినవాళ్లకు, అలాంటి ఊళ్ల నుంచి విదేశాలకు వెళ్లినవాళ్లకు వారాల తరబడి స్టెరాయిడ్ ఇవ్వాల్సి వస్తే ముందు దీనికి రక్తపరీక్ష అడగాలి. దీనికి మందు ఐవర్‌మెక్టిన్. ఒక్క డోసు ఆల్బెండజోల్ చాలదు.

పురుగులు పోయాక ఐజీఈ వెంటనే దిగదు. రక్తంలో ఒక్కో అణువు రెండు మూడు రోజులే ఉన్నా, తయారుచేసే కణాలు నెలల తరబడి పని ఆపవు. వారానికే మళ్లీ పరీక్ష చేయించి మందు పనిచేయలేదనుకోకూడదు.

అనుమానం నిజంగా మిగిలితే చర్మపరీక్షకు వెళ్లాలి. దానికి వారం ముందు నుంచి సెట్రిజిన్ లాంటి మాత్రలు ఆపాలి, లేకపోతే దద్దురు లేవదు. 15, 20 నిమిషాల తర్వాత ఉబ్బు 3 మిల్లీమీటర్లు గాని అంతకన్నా ఎక్కువ గాని ఉంటే పాజిటివ్. పల్లీలకైతే అరా హెచ్ 2 అనే ఒక్క ప్రొటీన్‌కు ఐజీఈ ఉందో లేదో చూడొచ్చు. పురుగుల చక్కెర కొమ్మలతో వచ్చే తప్పుడు పాజిటివ్‌లో అది సాధారణంగా ఉండదు. చివరి తీర్పు ఆసుపత్రిలో డాక్టరు ఎదుట కొద్దికొద్దిగా తినిపించి చూసే పరీక్షదే. ఇంట్లో సొంతంగా చేయరాదు. ఐజీఈ బదులు ఐజీజీని చూసే తిండి పరీక్షల ప్యానెళ్లకు డబ్బు పెట్టక్కర్లేదు. ఐజీజీ4 ఉండడం అంటే ఆ తిండి మీకు అలవాటేనని.

తిన్న తర్వాత ఆయాసం, గొంతు బిగియడం, కళ్లు తిరగడం వస్తే సెట్రిజిన్ వేసి చూద్దామని ఆగకూడదు. 108కి ఫోన్ చేసి, మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి. ఆయాసపడుతుంటే కూర్చోనివ్వాలి. మందు అడ్రినలిన్, తొడ బయటివైపు కండలోకి, కిలో బరువుకు 0.01 మి.గ్రా., పెద్దలకు గరిష్ఠంగా 0.5 మి.గ్రా. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాలకు మళ్లీ ఇస్తారు.

ఇక నులిపురుగుల నిర్మూలన దినోత్సవం రోజు బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర గురించి. అలర్జీ వస్తుందేమోనన్న భయంతో దాన్ని మానిపించకండి. కొంకిపురుగు పట్టిన పిల్లకు రక్తహీనత, ఎదుగుదల లోపం ఇప్పుడే, కళ్లముందే ఉన్న కీడు. అలర్జీ పెరగడం కొన్ని అధ్యయనాల్లో కనిపించి కొన్నిటిలో కనిపించని అవకాశం. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు అర మాత్ర, అంటే 200 మి.గ్రా., నలిపి నీళ్లలో కలిపి. రెండేళ్లు దాటితే 400 మి.గ్రా. పూర్తి మాత్ర, నమిలి మింగాలి. ఆ రోజు జ్వరంతో ఉన్న పిల్లలకు తగ్గాక ఇస్తారు. కడుపులో పురుగులు ఎక్కువగా ఉన్నవాళ్లకు మాత్ర వేశాక వికారం, కడుపునొప్పి కాసేపు ఉండొచ్చు. అది చస్తున్న పురుగుల వల్ల, మందు పడకపోవడం కాదు. గర్భిణులు మాత్రం మొదటి మూడు నెలల్లో వేసుకోకూడదు. ఆ తర్వాతైనా డాక్టరు అవసరమని చెబితేనే వేసుకోవాలి.